వైఫై కలిసింటాది, నెట్టు మాత్రం రాదు.. తెగింది యాడో మనమే కనుక్కుందాం

"మిషను కలిసే ఉండాదంట నాయనా, నెట్టు మాత్రం రాలేదంట. నాకేం తెలుస్తాది? రొండు దినాల్నుంచి తిరుగుతాండా."

చిలమత్తూరు మండలంలో ఒక పల్లె. స్టోరు ముందర కొంగు తలమీద కప్పుకొని ఎండలో కూచున్న ఒక అవ్వ నాతో అన్న మాట ఇది. డెబ్బై ఏండ్లు దాటింటాయి. బియ్యం సంచి మడిచి చంకలో పెట్టుకొనింది. ముందు దినం ఆయమ్మతో 'నీ ఏలు పడలేదు, రేపు రా' అన్నారంట. "ఇన్నేండ్లు కలుపు తీసి తీసి గీతలు అరిగిపోయినాయేమో" అని ఆయమ్మే తనకు తాను సమాధానం చెప్పుకొనింది. తప్పు తన ఏలిదేనని నమ్మేసింది.

నేను లోపలికి పోయి చూసినా. డీలరు చెడ్డోడేం కాదు. మిషనులో ఉండే సిమ్ముకు ఆ గదిలో సిగ్నలు సరిగా రాదని, తన ఫోనులో హాట్‌స్పాట్ పెట్టి మిషనును దానికి కలిపినాడు. మిషను మీద వైఫై గుర్తు నిండుగా ఉంది. "చూడన్నా, ఫుల్లు ఉండాది. సర్వరే డౌను. మనమేం చేస్తాం?" అన్నాడు.

"సరే గాని, నీ ఫోనులో ఏదైనా న్యూస్ పేజీ తెరువప్పా" అన్నా. తెరిచినాడు. గుండ్రంగా తిరుగుతానే ఉంది, పేజీ రాలే. సర్వరు మాట పక్కన పెట్టి, అతని హాట్‌స్పాట్‌కు ఎన్ని కలిసినాయో చూసినాం. ఏడు. ఒకటి మిషను. మిగతా ఆరు ఎవరివి? స్టోరు ఎనక అరుగు మీద కూచున్న పిలకాయల ఫోన్లు. పాస్‌వర్డు ఒకటి నుంచి ఎనిమిది దాకా వరుస అంకెలు! పొద్దున్నుంచి రీల్సు, క్రికెట్టు చూసి డీలరు ఫోనులో ఆ దినం డేటా కోటా అంతా తాగేసినారు. ముందు దినమూ ఇదే కథ.

కోటా అయిపోతే శానా ప్లాన్లలో నెట్టు పూర్తిగా ఆగిపోదు. 64 కేబీపీఎస్‌కు పడిపోతాది. అంటే పాత కాలంలో ల్యాండ్‌లైను తీగ మీద వచ్చిన నెట్టు వేగం అన్నమాట. దాన్నే ఏడు మంది పంచుకోవల్ల. మిషను అడిగిన దానికి జవాబు వచ్చేలోపలే గడువు అయిపోయి, 'సర్వర్ ఎర్రర్' అని చూపిస్తాది.

పాస్‌వర్డు మార్చినాం. చిన్న డేటా ప్యాకు వేసినాం. అవ్వ ఏలు పెట్టింది. మొదటి సారికే పడింది.

రొండు దినాలు ఆ ముసలామె ఎండలో కూచునింది తన ఏలు వల్ల కాదు. సర్వరు వల్ల కూడా కాదు. మిషనుకు మూరెడు దూరంలో ఉండిన ఫోను వల్ల. ఆ సంగతి కనుక్కోవడానికి పట్టింది పది నిమిషాలు.

నేను ఇంజినీరును కాదు. ఇంటరు కూడా పూర్తి చెయ్యలే. ఉపాధి మస్టర్లు, రేషను కార్డులు, పింఛన్లు అని ఆఫీసుల ఎంబడి తిరిగేటోన్ని. యాడికి పోయినా 'నెట్ లేదు' అనే మాట అడ్డం వస్తాంటే, ఆ మాట ఎనక ఏముందో తెలుసుకోవల్లని పట్టుబట్టి నేర్చుకున్నా. నేర్చుకున్నంత మీకు చెప్తా. ఇది తెలిస్తే మీ ఇంట్లో నెట్టు బాగు చేసుకోవచ్చు. అంతకంటే ముఖ్యం, 'నెట్ లేదు' అని తిప్పి పంపేటోళ్లను సరైన ప్రశ్న అడగొచ్చు.

కలిసింది అంటే, యాడి దాకా కలిసింది?

మన అనంతపురం సీమలో కొళాయి సంగతి ఎవరికీ వివరం చెప్పే పని లేదు. ఇంటి ముందర కొళాయి ఉంటాది. దాని ఎనక పైపు, పైపు ఎనక ట్యాంకు, ట్యాంకు ఎనక బోరు, బోరుకు మోటరు, మోటరుకు కరెంటు. ఇందులో ఏ ఒక్కటి పోయినా నీళ్లు రావు. గాని కొళాయి మాత్రం గోడకు అట్లే ఉంటాది. లెక్క రాసుకోను వచ్చినోళ్లు 'కొళాయి ఉందా' అని అడిగి, ఉందని రాసుకొని పోతారు.

ఫోను మీద వైఫై గుర్తు అచ్చం ఆ కొళాయి మాదిరే. అది చెప్పేది ఒక్కటే: మీ ఫోనుకూ మీ ఇంట్లో ఉండే డబ్బాకూ, అంటే రౌటరుకూ, గాలిలో మాట కలిసింది. ఆ డబ్బాకు అవతల ఏం జరుగుతాందో ఆ గీతలకు తెలీదు.

మన ఫోను నుంచి మనకు కావల్సిన పేజీ దాకా అయిదు తావులు ఉంటాయి. ఒకటి, ఫోను నుంచి డబ్బా దాకా గాలిలో దారి. రొండు, డబ్బా మన ఫోనుకు ఇచ్చే నెంబరు. మూడు, డబ్బా నుంచి బయటికి పోయే తీగ, లేకుంటే టవరు. నాలుగు, వెబ్‌సైటు పేరును నెంబరుగా మార్చి చెప్పే ఏర్పాటు. అయిదు, మనం పోవల్సిన సర్వరు. తెగితే ఈ అయిదింట్లో ఏదో ఒక తావులో తెగింటాది.

మరి ఫోను 'కనెక్టెడ్, నో ఇంటర్నెట్' అని ఎట్ల చెప్తాది? వైఫైకి కలవంగానే ఆండ్రాయిడ్ ఫోను మనకు తెలీకుండా గూగుల్ సర్వరు తలుపు ఒకసారి తడుతాది. ఆడినుంచి 204 అనే జవాబు రావల్ల. 204 అంటే 'నీ మాట అందింది, పంపేదేమీ లేదు' అని అర్థం. ఆ జవాబు వస్తే నెట్టు ఉన్నట్టు. రాకపోతే గుర్తు పక్కన ఆశ్చర్యార్థకం మాదిరి గీత పెడుతాది. విండోస్ కంప్యూటరు కూడా ఇట్లనే మైక్రోసాఫ్ట్ సర్వరును అడుగుతాది. కాబట్టి ఆ గీత కనిపిస్తే ఒకటి తెలుసుకోండి. మొదటి తావు కలిసింది. తప్పు దాని అవతల ఉంది.

ఏదీ ముట్టుకోకముందు నాలుగు ప్రశ్నలు

నెట్టు రాలేదంటే మనోళ్లు మొదట చేసే పని డబ్బాను తట్టడం, లేకుంటే స్విచ్చి టకటకా ఆపి వెయ్యడం. ఆగండి. ముందు ఈ నాలుగు చూడండి.

అదే వైఫైలో ఇంకో ఫోనుకు నెట్టు వస్తాందా? వస్తాంటే డబ్బా బాగుంది, తీగ బాగుంది. తప్పు మీ ఫోనులో ఉంది. ఎవరికీ రాకపోతే తప్పు డబ్బాలో గాని, దాని అవతల గాని ఉంది.

వైఫై ఆపి అదే ఫోనులో మొబైల్ డేటా వేస్తే వస్తాందా? వస్తే ఫోను బాగుంది.

ఏ యాపూ పనిచెయ్యలేదా, ఒక్కటే చెయ్యలేదా? యూట్యూబు వస్తా ఉండి, ఒక్క ప్రభుత్వ యాపే రాకపోతే, అది అయిదో తావు. మీ డబ్బాను వందసార్లు ఆపి వేసినా లాభం లేదు.

ఎప్పటినుంచి రాలే, దానికి ముందు ఏం జరిగింది? కరెంటు పోయి వచ్చిందా? గాలివాన కొట్టిందా? రీఛార్జి తేదీ దాటిందా? ఈ ఆఖరు ప్రశ్నకు జవాబు చెప్పను శానామంది సిగ్గుపడతారు. సిగ్గెందుకు? బిల్లు గడువు దాటితే కంపెనీ అవతల ఆపేస్తాది గాని వైఫై గుర్తు మాత్రం పోదు.

ఈ నాలుగింటికీ జవాబులు దొరికితే సగం పని అయిపోయినట్టే.

తప్పు మన ఫోనులో ఉంటే

డబ్బా ప్రతి ఫోనుకూ ఒక నెంబరు ఇస్తాది. మామూలుగా అది 192.168 తో మొదలయితాది. బడిలో రోలు నెంబరు మాదిరి. ఆ నెంబరు లేకుంటే డబ్బాకు మీరెవరో తెలీదు, మీకొచ్చిన జవాబు ఎవరికియ్యల్లో తెలీదు. కంప్యూటరులో నెంబరు 169.254 తో మొదలయితే, డబ్బా నెంబరు ఇయ్యలేదని, కంప్యూటరే తనకు తాను ఒకటి పెట్టుకొనిందని అర్థం. దాంతో బయటికి పోవడం కుదరదు.

దీనికి మందు సులభం. వైఫై సెట్టింగ్స్‌లో ఆ పేరు మీద నొక్కి 'ఫర్గెట్' అనండి. మళ్ల పాస్‌వర్డు కొట్టి కలవండి. కొత్త నెంబరు వస్తాది. ఇంతకు ముందు ఎవరైనా నెంబరును చేత్తో రాసి పెట్టింటే, అంటే 'స్టాటిక్' అని ఉంటే, దాన్ని 'డీహెచ్‌సీపీ' కి మార్చండి. డబ్బా ఇయ్యగలిగే నెంబర్లకు కూడా ఒక లెక్క ఉంటాది. ఫోను హాట్‌స్పాట్ అయితే ఎనిమిది పది మందికి మించి శానా ఫోన్లు ఒప్పుకోవు. బడిలోనో ఆఫీసులోనో వచ్చిపోయే ప్రతి ఫోనూ ఒక్కో నెంబరు పట్టుకుంటే కొత్తగా వచ్చినోళ్లకు మిగలవు.

ఇంకో రొండు సంగతులు ఎవరికీ తట్టవు. ఒకటి, తేదీ. బ్యాటరీ పూర్తిగా చచ్చి బతికిన ఫోనులో, మిషనులో తేదీ ఎన్నో ఏండ్లు ఎనక్కు పోయింటాది. బ్యాంకు, ప్రభుత్వ సర్వర్లు చూపించే భద్రతా పత్రానికి ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా అని గడువు ఉంటాది. మీ తేదీ తప్పయితే ఆ పత్రం చెల్లదని ఫోను తలుపు మూసేస్తాది. నెట్టు ఉంటాది, పని కాదు. సెట్టింగ్స్‌లో తేదీని 'ఆటోమేటిక్' లో పెట్టండి.

రొండోది, మనకు తెలీకుండా పెట్టుకున్న అడ్డాలు. ఎవరో చెప్పినారని వీపీఎన్ యాపు వేసుకుంటాం, 'ప్రైవేట్ డీఎన్ఎస్' లో ఏదో పేరు రాస్తాం. ఆ పేరు పలకడం ఆగిపోయిన దినం ఫోనులో నెట్టంతా పోతాది. వీపీఎన్ ఆపండి, ప్రైవేట్ డీఎన్ఎస్‌ను ఆఫ్‌లో పెట్టి చూడండి.

రైల్వే స్టేషన్ల మాదిరి చోట్ల ఉచిత వైఫైకి కలిసినా నెట్టు రాదు. ఆడ తప్పేం ఉండదు. ఫోను నెంబరు అడిగే పేజీ ఒకటి వస్తాది, ఓటీపీ కొట్టిందాకా బయటికి ఇడవరు. ఆ పేజీ రాకపోతే బ్రౌజరు తెరిచి ఏదో ఒక సైటు కొట్టండి, అదే వస్తాది.

తప్పు డబ్బా అవతల ఉంటే

ఫైబర్ కనెక్షన్ ఉంటే డబ్బా మీద దీపాలు చూడండి. 'పాన్' అని రాసిన దీపం ఆగకుండా పచ్చగా ఎలగల్ల. 'లాస్' అని రాసిన దీపం ఎర్రగా కొట్టుకుంటాంటే, తీగలో వెలుతురు మీ ఇంటి దాకా రాలేదని అర్థం. ఫైబర్ తీగలో పారేది కరెంటు కాదు, వెలుతురు. తీగ యాడో తెగింటాది, లేకుంటే మూలలో మడత పడింటాది. గోడ పక్కన మంచం నొక్కిందేమో, ఎలుక కొరికిందేమో చూడండి. ఊడిన తీగ చివర కంటికి దగ్గరగా పెట్టి మాత్రం చూడొద్దు, అందులోని లేజరు వెలుతురు కంటికి కనపడదు గాని కన్ను చెడగొడుతాది. తెగిన తీగ మనం అతికించలేం. ఆపరేటరుకు ఫోను చేసి 'నెట్ లేదు' అనకండి, 'లాస్ దీపం ఎర్రగా ఉంది' అనండి. 'రౌటర్ ఆపి వెయ్యండి సార్' అని దినాలు జరిపే దారి మూసుకుపోతాది.

'పాన్' పచ్చగా ఉండి 'ఇంటర్నెట్' దీపం ఎలగలేదంటే తీగ బాగుంది, లెక్క కాడ తప్పుంది. బిల్లో, యూజర్ పేరో, కంపెనీ కాడ మీ కనెక్షన్ ఆగిపోవడమో. ఊరంతా కరెంటు పోయినప్పుడు మాత్రమే నెట్టు పోతాంటే, మీ ఇంట్లో ఇన్వర్టరు ఉంది గాని ఆపరేటరు కాడ ఉండే పెద్ద మిషనుకు లేదని తెలుసుకోండి.

మన రాష్ట్రంలో ఏపీ ఫైబర్‌నెట్ తీగలు ఎక్కువ భాగం కరెంటు స్తంభాల మీదనే లాగినారు. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ చేతుల మీద మొదలైంది. అప్పుడు నెలకు 149 రూపాయలకే నెట్టు, టీవీ, ఫోను అన్నారు. స్తంభాల మీద లాగబట్టే అంత తొందరగా, అంత తక్కువ ఖర్చుతో పల్లెలకు చేరింది. స్తంభాల మీద ఉండబట్టే గాలివానకు కొమ్మ ఇరిగి పడినా, లారీ స్తంభాన్ని గుద్దినా తెగుతాది. చెడ్డ పని అని కాదు. తెగేది తప్పదని తెలిసినప్పుడు, తెగినదాన్ని అతికే మనిషి మండలానికి ఎంతమంది ఉండారన్నదే అసలు లెక్క.

డబ్బాను ఆపి వేస్తే నెట్టు రావడం మనం శానాసార్లు చూసింటాం. ఎందుకొస్తాది? దినాల తరబడి ఆగకుండా నడిచిన డబ్బాలో పాత నెంబర్లు, పాత లెక్కలు పేరుకుపోతాయి. ఆపితే అవన్నీ తుడిచిపెట్టుకొని కంపెనీతో మళ్ల కొత్తగా మాట కలుపుతాది. గాని పద్ధతిగా ఆపండి. స్విచ్చి తీసి అర నిమిషం ఆగండి, తర్వాత వెయ్యండి, దీపాలు నిలబడను రొండు మూడు నిమిషాలు ఇయ్యండి. ఎనక చిన్న బెజ్జంలో 'రీసెట్' అని ఉంటాది చూడండి, దాంట్లో పిన్నీసు గుచ్చొద్దు. అది ఆపి వెయ్యడం కాదు, కంపెనీ రాసిన యూజర్ పేరు, పాస్‌వర్డుతో సహా అన్నీ చెరిపేస్తాది. ఉన్న రోగానికి ఇంకో రోగం తోడయితాది.

సరిహద్దు ఊర్ల కష్టం వేరే

మాది రొండు రాష్ట్రాల గట్టు మీద ఊరు. కొడికొండ చెక్‌పోస్టు దాటితే బాగేపల్లి, కర్ణాటక. మా పల్లెల్లో ఇంట్లో మంచం మీద కూచున్నోనికి 'కర్ణాటకకు స్వాగతం' అని మెసేజి వస్తాది. ఫోను ఏ టవరు గట్టిగా పలికితే దాన్ని పట్టుకుంటాది, దానికి రాష్ట్రం గట్టు తెలీదు. కొన్ని ఫోన్లలో అప్పుడు పాయింట్లు నిండుగా ఉంటాయి, మాటలు కూడా పోతాయి, డేటా మాత్రం రాదు. ఎందుకంటే సెట్టింగ్స్‌లో 'డేటా రోమింగ్' ఆఫ్‌లో ఉంటాది. ముందు కాలంలో రోమింగ్ అంటే దుడ్లు గుంజుతారని భయంతో ఆపిపెట్టుకున్నది అట్లే ఉండిపోయింటాది. దేశం లోపల ఇప్పుడు ఆ భయం లేదు. ఆన్ చేసుకోండి. ఈడ పల్లెల్లో ఎంతోమంది ఫోన్లలో నేను చేసిన బాగు ఈ ఒక్క బొత్తామే.

పాయింట్ల గురించి కూడా ఒక మాట. నాలుగు గీతలుంటే నెట్టు బాగుందని కాదు. ఆ గీతలు చెప్పేది టవరు గొంతు మీకు ఎంత గట్టిగా ఇనపడుతాందని. ఆ టవరు కింద ఎంతమంది ఉండారో చెప్పవు. సంత దినం, తిరునాళ్ల దినం గీతలు నిండుగా ఉండి నెట్టు కదలదు. టవరు కూడా మన డబ్బా మాదిరే. దాని ఎనక కూడా ఒక తీగ ఉంటాది. ఆ తీగ తెగితే టవరు గొంతు అట్లే మోగుతాంటాది, లోపల నీళ్లు మాత్రం ఉండవు. అప్పుడు మీ ఫోను ఎన్నిసార్లు ఆపి వేసినా రాదు. పక్కన ఇంకో కంపెనీ సిమ్ము ఉన్నోళ్లను అడిగి చూడండి, వాళ్లకు వస్తాంటే సంగతి తేలిపోతాది.

పేరు తెలీకపోతే దారి తెలీదు

నాలుగో తావు విచిత్రమైంది. నెట్టులో ప్రతి సర్వరుకూ ఒక నెంబరు ఉంటాది. మనం గుర్తుపెట్టుకునేది పేరు. పేరు చెప్తే నెంబరు ఇచ్చేదాన్ని డీఎన్ఎస్ అంటారు. కొత్త ఊర్లో అడ్రసు చెప్పే మనిషి మాదిరి. ఆ మనిషి పలకకపోతే, రోడ్డు బాగున్నా, ఇల్లు ఆడనే ఉన్నా, మనం చేరలేం.

2021 అక్టోబరు 4 రాత్రి గుర్తుందా? వాట్సాపు, ఫేసుబుక్కు, ఇన్‌స్టాగ్రాము మూడూ ప్రపంచమంతా ఆరు గంటల దాకా ఆగిపోయినాయి. మా ఈదిలో అందరూ డబ్బాలు ఆపి వేస్తా ఉండిరి. నేనూ మూడుసార్లు ఆపి వేసినా, దాచేదేముంది. ఆ కంపెనీ తన సొంత నెట్‌వర్కులో మార్పు చేస్తా చేస్తా, తమ సర్వర్లకు దారి చూపే ఏర్పాటును తానే చెరిపేసుకొనింది. తప్పు ఆడ ఉంటే, మనం ఈడ మన ఫోన్లను తిట్టుకున్నాం.

డీఎన్ఎస్ తప్పు కనుక్కోను ఒక చిట్కా. కంప్యూటరులో 'పింగ్' అని కొట్టి 8.8.8.8 రాయండి. అది గూగుల్ నడిపే డీఎన్ఎస్ నెంబరు. జవాబు వచ్చి, పేరు కొట్టినప్పుడు మాత్రం రాకపోతే తప్పు నాలుగో తావుది. ఫోనులోనో డబ్బాలోనో డీఎన్ఎస్ కాడ 8.8.8.8 గాని 1.1.1.1 గాని రాసుకుంటే సరిపోతాది.

ఇంగ అయిదో తావు. అన్నీ వస్తాయి, మనకు కావల్సిన ఒక్క సర్వరే పలకదు. నిజంగా 'సర్వర్ డౌన్' అంటే ఇదొక్కటే. నెలాఖరులో, ఆఖరు తేదీల్లో అందరూ ఒకేసారి మీద పడితే ఇట్లయితాది. అవ్వ కథలో డీలరు చెప్పింది అయిదో తావు, తప్పు ఉండింది హాట్‌స్పాట్ పెట్టిన ఫోను కాడ, అంటే మూడో తావులో. తేడా తెలుసుకోను చెయ్యల్సిందల్లా అదే నెట్టులో ఇంకో పేజీ తెరిచి చూడడం.

ఇంతా తెలుసుకొని ఏం లాభం?

లాభం ఉంది. ఎందుకంటే నెట్టు పోయిన ప్రతిసారీ, దాని నష్టం డబ్బా పెట్టినోనికి కాదు, టవరు కట్టినోనికి కాదు. లైనులో నిలబడినోనికి.

2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ పథకం మొదలైంది మన ఉమ్మడి జిల్లాలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో. అడిగినోనికి పని, చేసినోనికి కూలి అన్నది దాని మాట. 2023 జనవరి 1 నుంచి పని జాగాలన్నింట్లో ఫోనులో హాజరు తప్పనిసరి చేసినారు. దినానికి రొండు ఫోటోలు. గుట్ట కింద, చెరువు కట్ట మీద మేటు చేతిలో ఫోను గీతలు చూపిస్తాది, ఫోటో పైకి పోదు. మట్టి తవ్విన గుంత కండ్ల ముందర ఉంటాది, హాజరు మాత్రం ఉండదు. గడ్డపార పట్టినోడు ఏ తావులో తప్పు చేసినాడు?

2017 సెప్టెంబరులో జార్ఖండ్‌లోని సిమ్‌డేగా జిల్లాలో పదకొండేండ్ల పాప చనిపోయింది. ఆధార్ కలపలేదని రేషను కార్డు తీసేసినారని, ఆకలితో పోయిందని ఆ తల్లి చెప్పింది. ప్రభుత్వం ఒప్పుకోలే. గాని ఆ ఏడాదే అక్టోబరు 24న ఆధార్ సంస్థ ఒక సర్క్యులర్ ఇచ్చింది. వేలిముద్ర పడకపోయినా, నెట్‌వర్కు లేకపోయినా, ఆ కారణంతో లబ్ధిదారును తిప్పి పంపకూడదు, వేరే పద్ధతిలో గుర్తించి ఇయ్యల్ల, దాన్ని రిజిస్టరులో రాయల్ల అన్నది అందులో ఉంది. మా అవ్వకు ఈ మాట ఎవరూ చెప్పలే. డీలరుకు కూడా ఎవరూ చెప్పినట్టు లేదు.

నెట్టు కంపెనీల మాట చూద్దాం. ట్రాయ్ 2024 ఆగస్టులో కొత్త నాణ్యతా నిబంధనలు తెచ్చింది. జిల్లా మొత్తంలో మొబైల్ నెట్‌వర్కు 24 గంటలు మించి పోతే వినియోగదారునికి ఆ మేరకు బిల్లు తగ్గించల్ల, ప్రీపెయిడ్ అయితే గడువు పెంచల్ల. ఇంటి కనెక్షన్ మూడు దినాలు దాటి బాగు కాకపోతే అద్దె తగ్గించల్ల. మంచిదే. గాని జిల్లా అంతా పోతే కదా ఆ లెక్క? చిలమత్తూరు మండలంలో ఒక పల్లె టవరు వారం దినాలు మూగబోతే అది ఆ లెక్కలోకి రాదు. భారత్‌నెట్ లెక్కల్లో కూడా పంచాయతీకి తీగ చేరితే 'సర్వీస్ రెడీ' అని రాస్తారు. మళ్ల అదే కొళాయి కథ. కొళాయి ఉందని రాసుకుంటారు, నీళ్లు వస్తాయా అని అడగరు.

కాబట్టి నేను అడిగేది పెద్ద కోరికలేం కావు. ప్రతి స్టోరుకూ, ప్రతి సచివాలయానికీ రొండు వేరే కంపెనీల నెట్టు ఇయ్యండి, డీలరు సొంత ఫోను కోటా మీద పేదోళ్ల బియ్యం ఆధారపడకూడదు. నెట్టు లేనప్పుడు రాసుకునే రిజిస్టరు గోడకు కనపడేటట్టు పెట్టండి. తిప్పి పంపితే తేదీ, టైము, కారణం రాసిన చీటీ చేతికి ఇయ్యండి. ఈ అయిదు తావుల సంగతి మిషను పట్టుకునే ప్రతి మనిషికీ ఒక పూట నేర్పించండి.

మనం చెయ్యల్సింది కూడా ఉంది. 'నెట్ లేదు' అంటే తలకాయ ఊపి ఎనక్కు రావొద్దు. 'యాడి దాకా ఉంది, యాడ పోయింది?' అని అడగండి. 'అదే ఫోనులో ఇంకో పేజీ తెరిచి చూపించు' అనండి. రేషను మీద ఫిర్యాదుకు 1967, మొబైల్ కంపెనీ మీద ఫిర్యాదుకు 198. ఫిర్యాదు నెంబరు రాసుకొని పెట్టుకోండి, అది లేకుంటే మన మాటకు సాక్ష్యం లేదు. ఊర్లో ఇంటరు, డిగ్రీ చదివే పిలకాయలు ఉంటారు. రీల్సు చూసే ఆ ఫోనుతోనే అవ్వకు, తాతకు ఈ సాయం చెయ్యొచ్చు.

మొన్న నెల మళ్ల ఆ స్టోరు దారిలో పోతాంటే అవ్వ కనపడింది, సంచి నెత్తిన పెట్టుకొని వస్తాంది. "ఈసారి మొదటి దినమే ఇచ్చినారా?" అని అడిగినా. "మొదట నెట్టు లేదనే అన్నాడప్పా. నీ ఫోనుకు ఎంతమంది తగులుకొని ఉండారో చూడు నాయనా అంటి. చూసినాడు. ఇచ్చినాడు" అనింది.